హౌరా వంతెన: వేలాడుతున్నదా, నిలబడి ఉన్నదా?

కొవ్వూరు రేవు:
సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఉద్యోగరీత్యా కోల్‌కతాలో ఉండడం వల్ల ఈ చలికాలంలో మూడు వారాలు అక్కడ గడిపాను. దాదాపు ప్రతి ఉదయం మల్లిక్ ఘాట్ పూలబజారు దగ్గర నుంచి హౌరా స్టేషన్ వైపు వంతెన మీద నడిచి వెళ్ళి, అదే దారిలో తిరిగి వచ్చేవాణ్ణి. గోదావరి గట్టున పుట్టి పెరిగిన వాణ్ణి కాబట్టి నది కనిపించగానే స్తంభాలు లెక్కపెట్టడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇక్కడ లెక్కపెట్టడానికి నీళ్ళలో ఒక్క స్తంభం కూడా లేకపోవడం నన్ను మొదటి రోజే ఆశ్చర్యపరిచింది.

నా సందేహం ఇది. స్థానికులు కొందరు దీనిని వేలాడే వంతెన అని చెప్పారు. కానీ వేలాడే వంతెనకు ఉండవలసిన లావుపాటి తీగల మోకులు ఎక్కడా కనిపించలేదు. ఈ ఒడ్డున ఒక గోపురం, ఆ ఒడ్డున ఒక గోపురం, వాటి మధ్య చిక్కుడు పందిరిలా అల్లిన ఉక్కు, ఆ ఉక్కు కింద నిలువు కడ్డీలతో వేలాడుతున్న రోడ్డు ఉన్నాయి. దీనిని ఏ రకం వంతెన అనాలి? ఇంకొక మాట కూడా అడుగుతాను. మా రాజమండ్రి పాత వంతెన 1900లోనే పూర్తయింది, ఇది 1943లో వచ్చింది. వయసులో చిన్నదైన ఈ వంతెనకు ఇంతటి చారిత్రక విలువ ఎందుకు కలిగింది?

ట్రస్సు మాస్టారు:
రేవు గారూ, పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్ళు ఈ పాఠమే చెప్పాను, కాబట్టి కొంచెం విస్తరంగా రాస్తే మన్నించండి.

మీరు చూసినది కాంటిలీవర్ ట్రస్సు వంతెన. మీరు చిక్కుడు పందిరితో పోల్చిన ఆ ఉక్కు అల్లికనే ట్రస్సు అంటారు. దీని సూత్రం అర్థం కావాలంటే కావడి మోసే మనిషిని తలచుకోండి. భుజం మీద బద్ద, దానికి రెండు వైపులా బరువులు. ఇప్పుడు ఇద్దరు కావడి మనుషులు ఎదురెదురుగా నిలబడ్డారనుకోండి. ఇద్దరి బద్దల ముందు కొసల మీద అడ్డంగా ఒక బల్ల పెట్టారు. ఆ బల్ల బరువుకు బద్దలు ముందుకు వాలిపోకుండా వెనుక కొసలను నేలలో పాతిన గుంజలకు బిగించి కట్టారు. హౌరా వంతెన అంటే అంతే. భుజాల స్థానంలో 280 అడుగుల గోపురాలు ఉన్నాయి. వాటి మధ్య దూరం 1500 అడుగులు. నది వైపు చాచిన చేతులు ఒక్కొక్కటి 468 అడుగులు. ఆ రెండు చేతుల కొసల మీద ఆనించిన నడిమి భాగం 564 అడుగులు. ఒడ్డు వైపు వెనక్కి వెళ్ళే యాంకర్ చేతులు ఒక్కొక్కటి 325 అడుగులు. వెనుక చేయి ముందు చేయి కంటే పొట్టిది కనుక దాని కొస నిరంతరం పైకి లేవాలని చూస్తుంది. దానిని కిందికి పట్టి ఉంచే పని ఒడ్డున ఉన్న యాంకర్ పునాదులది.

వేలాడే వంతెన అన్న భ్రమ ఎందుకు కలుగుతుందంటే, దీని పై అంచు గోపురాల దగ్గర ఎత్తుగా ఉండి నది మధ్యకు వచ్చేసరికి తీగ జారినట్లు కిందికి ఒంగుతుంది. దూరం నుంచి చూస్తే అది మోకులాగానే కనిపిస్తుంది. ఆ పోలికలో కొంత నిజం కూడా ఉంది. నది మీదికి చాచిన చేతుల్లో పై అంచు లాగుడుకు లోనవుతుంది, అంటే మోకు చేసే పనే అది చేస్తుంది. కింది అంచు నొక్కుడును భరిస్తుంది. కానీ నడిమి భాగానికి రాగానే ఈ వరుస తిరగబడుతుంది, అక్కడ పై అంచు నొక్కుడులో, కింది అంచు లాగుడులో ఉంటాయి. ఒకే పొడవైన ఉక్కు అల్లిక లోపల బలాలు ఇలా తారుమారు కావడం, ఆ తారుమారు ఎక్కడ జరగాలో ముందే నిర్ణయించి అక్కడ కదలిక గల కీలు పెట్టడం కాంటిలీవర్ రూపకల్పనలోని అందం. నాకు ఇప్పటికీ ఆ కీలు స్థానమే వంతెన అంతటిలోకీ గొప్పగా తోస్తుంది.

రోడ్డు మాత్రం నిజంగానే వేలాడుతున్నది. ట్రస్సు కింది అంచులోని కూడళ్ళ నుంచి 39 జతల హ్యాంగర్లు, అంటే మీరు చూసిన నిలువు కడ్డీలు, దిగి వచ్చి రోడ్డును మోస్తున్నాయి. కాబట్టి మీకు చెప్పినవారు పూర్తిగా తప్పు చెప్పలేదు. వేలాడేది రోడ్డు, నిలబడ్డది వంతెన.

ఖరగ్‌పూర్ తెలుగు:
మాస్టారూ, కావడి పోలిక చదివాక ఇన్నేళ్ళుగా చూస్తున్న వంతెన కొత్తగా కనిపించింది. మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో చేరారు. మేము మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాము, లోకల్ రైలెక్కి హౌరాలో దిగి వంతెన దాటడం మాకు నిత్యకృత్యం.

మీరు చెప్పిన కీలు స్థానాన్ని కాలితోనే గుర్తుపట్టవచ్చు. కాలిబాట మీద నడుస్తూ ఉంటే నడిమి భాగం మొదలయ్యే చోట రోడ్డుకు అడ్డంగా ఒక ఉక్కు అతుకు వస్తుంది. బస్సు దాని మీద ఎక్కినప్పుడు మోత మారుతుంది, పక్కనున్న రెయిలింగు మీద చేయి ఆనిస్తే ఆ అదురు మోచేతి దాకా తెలుస్తుంది. మా నాన్నగారు నన్ను చిన్నప్పుడు అక్కడ నిలబెట్టి ఇక్కడ వంతెన ఊపిరి తీసుకుంటుంది అని చెప్పేవారు. ఎండకు ఉక్కు సాగడానికీ, చలికి ముడుచుకోవడానికీ వదిలిన సందు అది అని చాలా కాలం తరువాత తెలిసింది.

ఈ వంతెన మీద ప్రయాణించిన మొదటి వాహనం ట్రాము. 1943 ఫిబ్రవరి 3న ప్రారంభోత్సవం అంటూ ఏమీ జరపకుండా తెరిచారు. జపాన్ విమానాల దాడుల భయం అప్పుడు అంతగా ఉండేది. ఆ ట్రాములు 1993 వరకు వంతెన మీద నడిచాయి, నేను కూడా ఎక్కాను.

పాతపటం:
నిర్మాణ శాస్త్రం గురించి మాస్టారు చెప్పినదానికి నేను కలపగలిగేది లేదు. చరిత్ర గురించి మాత్రం కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ వంతెన రూపాన్ని నిర్ణయించినది కాగితం మీది లెక్క కంటే ముందు ఓడరేవు అవసరం.

ఇదే చోట అంతకు ముందు 1874లో బ్రాడ్‌ఫర్డ్ లెస్లీ కట్టిన తేలే వంతెన ఉండేది. పడవల్లాంటి పాంటూన్ల మీద రోడ్డు పరిచి, ఓడలు వచ్చినప్పుడు మధ్యలో 200 అడుగుల మేర తెరిచేవారు. తెరిచినంత సేపు ఇటు కలకత్తా, అటు హౌరా స్టేషన్ రెండూ ఆగిపోయేవి. నిర్మాణంలో ఉండగానే 1874 మార్చిలో వచ్చిన తుపానుకు ఈజీరియా అనే స్టీమరు లంగరు తెంచుకుని వచ్చి ఆ వంతెనను గుద్ది మూడు పాంటూన్లను ముంచేసింది. అటువంటి వంతెనతోనే నగరం దాదాపు డెబ్బై ఏళ్ళు నెట్టుకొచ్చింది.

కొత్త వంతెన కోసం 1921లో సర్ రాజేంద్రనాథ్ ముఖర్జీ అధ్యక్షతన సంఘం వేశారు. 1926లో న్యూ హౌరా బ్రిడ్జి చట్టం వచ్చింది. రేవు గారు గమనించిన విషయానికి జవాబు ఈ చర్చల్లోనే ఉంది. హుగ్లీ ఒండ్రు మోసే నది, పోటు పాటు రెండూ ఉన్న నది. మధ్యలో స్తంభం నిలిపితే దాని చుట్టూ ఇసుక మేట వేస్తుంది, ఓడల దారి పాడవుతుంది. అందుకే ఒక ఒడ్డు నుంచి మరొక ఒడ్డుకు ఒకే అంగ, అంటే మధ్యలో ఆధారం లేని ఒకే దాటు, వేయవలసి వచ్చింది. రూపకల్పన లండన్‌లోని రెండెల్, పామర్ అండ్ ట్రిట్టన్ వారిది.

ఇక్కడే నాకు ఒక అభ్యంతరం ఉంది. వంతెన గొప్పదే, కాదనను. కానీ రేవు వ్యాపారం కోసం, వలస ప్రభుత్వ చట్టం కింద, లండన్ కాగితాల మీద పుట్టిన దానిని మన వారసత్వం అని పొంగిపోవడంలో మనం దేనిని గౌరవిస్తున్నామో స్పష్టంగా చెప్పుకోవాలి. పైగా కాంటిలీవర్ పద్ధతి అప్పటికి కొత్తది కాదు. స్కాట్లండ్‌లో ఫోర్త్ వంతెన 1890లోనే 1710 అడుగుల అంగలతో నిలిచింది. కెనడాలో క్విబెక్ వంతెన 1917లో 1800 అడుగులతో పూర్తయింది. 1943 నాటికి హౌరా వంతెన ప్రపంచంలో మూడవది మాత్రమే.

సైట్ ఇంజనీర్:
పాతపటం గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. కానీ వంతెన కాగితం మీద పుట్టదు, సైటులో పుడుతుంది. నేను ఇరవై ఏళ్ళుగా వంతెనల పునాది పనుల్లోనే ఉన్నాను కాబట్టి కింది నుంచి మొదలుపెడతాను.

గోపురాల కింద ఉన్న పునాదులు ఒక్కొక్కటి సుమారు 55 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు ఉన్న కైసాన్లు. మన భాషలో చెప్పాలంటే 21 చదరపు నూతులను ఒకే దిమ్మగా కలిపి కట్టి, లోపలి మట్టిని తోడుతూ పోతే తన బరువుకు తానే భూమిలోకి దిగే పునాది. హౌరా వైపు పైనుంచి తోడే పద్ధతిలోనే దింపగలిగారు. కలకత్తా వైపు ఊబిలా జారే ఇసుక తగలడంతో గదుల్లోకి గాలిని ఒత్తిడితో పంపి, నీటినీ ఇసుకనూ వెనక్కి నెట్టి, ఆ గాలిలోనే మనుషులు పని చేయవలసి వచ్చింది. ఆ ఒత్తిడి చదరపు అంగుళానికి 40 పౌండ్ల దాకా ఉండేది. ఆ పనిలో సుమారు 500 మంది ఉన్నారు. అటువంటి గాలిలో నుంచి తొందరపడి బయటికి వస్తే రక్తంలో బుడగలు ఏర్పడి కీళ్ళు పట్టుకుపోతాయి, ప్రాణం కూడా పోవచ్చు. ఈ వంతెన గురించి మాట్లాడేటప్పుడు నాకు ముందుగా గుర్తుకు వచ్చేది ఆ 500 మందే.

ఒక రాత్రి మట్టి తోడుతుండగా కింది నేల ఉన్నట్లుండి లొంగిపోయి, కైసాన్ మొత్తం రెండు అడుగులు ఒక్కసారిగా దిగబడింది. ఆ అదురును కిద్దర్‌పూర్‌లోని భూకంప లేఖిని భూకంపంగా నమోదు చేసింది. ఒడ్డున ఉన్న ఒక గుడి కూలిపోతే తరువాత దానిని తిరిగి కట్టించారు. తోడిన బురదలో లంగర్లు, ఫిరంగులు, గుండ్లు, ఇత్తడి పాత్రలు, కంపెనీ కాలపు నాణేలు బయటపడ్డాయి. 1938 నవంబరుకు పునాదులు పూర్తయ్యాయి.

ఇక ఉక్కు సంగతి. మొత్తం 26,500 టన్నుల్లో 23,000 టన్నులు టాటా వారు జంషెడ్‌పూర్‌లో తయారు చేసిన టిస్క్రోమ్ అనే హై టెన్సైల్, అంటే ఎక్కువ లాగుడును తట్టుకునే, మిశ్రమ ఉక్కు. ఇంగ్లండ్ నుంచి రావలసిన ఉక్కు యుద్ధం పనులకు మళ్ళిపోయింది. అంత పెద్ద పరిమాణంలో, అంత నాణ్యతతో, అనుకున్న కాలానికి మన దేశపు కర్మాగారం ఉక్కు ఇవ్వగలదా అని సందేహించినవారికి ఈ వంతెనే జవాబు. సభ్యాలను, అంటే ట్రస్సులోని ఒక్కొక్క ఉక్కు భాగాన్ని, కోసి, రంధ్రాలు వేసి, కూర్చిన బ్రెయిత్‌వెయిట్, బర్న్ అండ్ జెస్సప్ వారి షాపులు కూడా కలకత్తాలోనివే. రూపకల్పన లండన్‌దైతే కావచ్చు, కానీ ఆ గీతలను ఉక్కుగా మార్చిన చేతులు ఇక్కడివి.

ఖరగ్‌పూర్ తెలుగు:
సైట్ ఇంజనీర్ గారూ, రివెట్ల గురించి కూడా రాయండి. వంతెన మొత్తంలో ఒక్క నట్టు, ఒక్క బోల్టు లేదు అని ఇక్కడ ప్రతివారూ గర్వంగా చెబుతారు.

సైట్ ఇంజనీర్:
ట్రస్సు సభ్యాలను కలిపినది రివెట్లే, అందులో సందేహం లేదు. కానీ రోడ్డు కింది అడ్డ గర్డర్లు హ్యాంగర్లకు పిన్నులతో కలిశాయి, అక్కడ కొద్దిగా తిరిగే వీలు కావాలి కాబట్టి. అందుచేత మొత్తం వంతెన రివెట్లే అనడం కంటే బిగువుగా ఉండవలసిన చోట రివెట్లు, కదలవలసిన చోట పిన్నులు అనడం సరిగ్గా ఉంటుంది.

రివెట్ కొట్టే పని ఇప్పటి కుర్రాళ్ళు చూసి ఉండరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత రైలు వంతెన మరమ్మతులో చూశాను. నలుగురు మనుషుల జట్టు ఉండేది. ఒకతను చిన్న కొలిమిలో రివెట్‌ను ఎర్రగా కాల్చి పట్టకారుతో అందిస్తే, రెండవతను దానిని రంధ్రంలో దూర్చేవాడు. అవతలి వైపు నుంచి ఒకతను దిమ్మ అదిమి పట్టుకుంటే, ఇవతల చివరివాడు సుత్తి మిషన్‌తో కొట్టి రెండవ తలను గుండ్రంగా మలిచేవాడు. ఇదంతా రివెట్ ఎరుపు తగ్గేలోగా అయిపోవాలి. చల్లారుతూ రివెట్ ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ రెండు రేకులను ఒకదానికొకటి బిగించి పట్టుకుంటుంది. మా మేస్త్రి చిన్న సుత్తితో ప్రతి తల మీదా తట్టి చెవి ఒగ్గి వినేవాడు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే వదులుగా ఉన్నట్లు, దానిని కోసి తీసి మళ్ళీ కొట్టించేవాడు. హౌరాలో ఒక్కొక్క కూడలిని దగ్గరగా చూసినప్పుడు వరుసలుగా ఉన్న ఆ గుండ్రటి తలల్లో ప్రతి దాని వెనుకా అటువంటి నలుగురు ఉన్నారు.

ట్రస్సు మాస్టారు:
పాతపటం గారు క్విబెక్ పేరు ఎత్తారు కాబట్టి చెప్పక తప్పదు. మూడవది మాత్రమే అన్న మాటతో నేను ఏకీభవించలేను. క్విబెక్ వంతెన నిర్మాణంలో రెండుసార్లు కూలింది. 1907లో అంచు సభ్యాలు నొక్కుడుకు తాళలేక మెలితిరిగి 75 మంది చనిపోయారు. సొంత బరువును తక్కువగా లెక్కకట్టడం అందుకు ఒక ముఖ్య కారణం. 1916లో నడిమి భాగాన్ని నదిలో నుంచి పైకి ఎత్తుతుండగా అది జారి పడి మరో 13 మంది పోయారు. ఆ తరువాత కాంటిలీవర్ వంతెనల రూపకర్తలందరూ ఆ పాఠాలను ఎదురుగా పెట్టుకునే లెక్కలు వేశారు.

హౌరాలో నడిమి భాగాన్ని కింది నుంచి ఎత్తలేదు. రెండు ఒడ్డుల నుంచి మొదలుపెట్టి, పై అంచు మీద పాకే క్రేన్లతో ట్రస్సులోని ఒక్కొక్క గడినీ కలుపుతూ నది మధ్య దాకా గాలిలో కట్టుకుంటూ వచ్చారు. అలా వస్తున్న రెండు సగాలు కొసలు కలిసే క్షణం వరకు కొమ్మలా వేలాడుతూ ఉంటాయి. ఎండ ఒక వైపు తగిలితే ఆ వైపు సాగి కొస పక్కకు తప్పుతుంది. చివరికి ఒక్కొక్కటి 800 టన్నుల సామర్థ్యం ఉన్న 16 హైడ్రాలిక్ జాకీలతో రెండు సగాలనూ కలిపారు. యుద్ధం మధ్యలో, నగరం మీద దాడి భయం ఉండగా, కింద నదిలో రాకపోకలు సాగుతుండగా జరిగిన పని ఇది. పొడవులో స్థానం ఎంత అన్నది ఆ పనికి కొలబద్ద కాదు.

ఇంకొక విషయం పుస్తకాల్లో అరుదుగా చెబుతారు. గోపురాలకు అవతల, ఒడ్డు వైపు ఉన్న యాంకర్ చేతుల కింద రోడ్డును ట్రస్సుకు వేలాడదీయలేదు, నేల మీది నుంచే నిలబెట్టారు. అంటే యాంకర్ చేతుల మీద రోడ్డు బరువు పడదు. రోడ్డు కూడా ఒడ్డుల నుంచి 40కి 1 చొప్పున ఎక్కుతూ మధ్యలో మెల్లగా ఒంగుతుంది, రిక్షా లాగేవాడి కాలికి తెలిసేంత ఎత్తు, కానీ అతణ్ణి ఆపేంత ఎత్తు కాదు. ఈ పొదుపు, ఈ వివేకం నాకు కళగా కనిపిస్తాయి.

గౌతమి:
ఇంతవరకు చదువుతూ వచ్చాను. పాత కట్టడాల పరిరక్షణ నా చదువు కాబట్టి ఒక మాట కలుపుతాను. నాలుగేళ్ళ కిందట పరిశీలన కోసం వంతెన కాలిబాట మీద ఒక రోజంతా హ్యాంగర్లను చూస్తూ గడిపాను. హ్యాంగర్ రోడ్డును చేరుకునే చోట, మనిషి మోకాలి ఎత్తు లోపల, ఫైబర్‌గ్లాస్ తొడుగులు ఉన్నాయి. వాటి మీద ఎండిపోయిన ఎర్రటి చారలు ఒకదాని మీద ఒకటి అట్టకట్టి ఉన్నాయి. పాన్, గుట్కా నమిలి ఉమ్మిన మరకలు అవి. ఆ ఉమ్ములోని సున్నం, ఇతర పదార్థాలు ఉక్కును తినేస్తాయి. 2011లో పరీక్షించినప్పుడు హ్యాంగర్ల అడుగున రక్షణగా ఉన్న ఉక్కు తొడుగుల మందం 6 మిల్లీమీటర్ల నుంచి 3 మిల్లీమీటర్ల లోపుకు తగ్గిపోయిందని తేలింది. అప్పటి నుంచే ఈ ఫైబర్‌గ్లాస్ తొడుగులు వచ్చాయి. పక్షుల రెట్ట మరొక సమస్య, కూడళ్ళలోని మూలల్లో పేరుకుని తేమ పట్టి ఉక్కును కొరుకుతుంది. దానిని క్రమం తప్పకుండా తీయించవలసి ఉంటుంది.

రోజుకు లక్షకు పైగా వాహనాలను, అంతకు మించిన పాదచారులను మోసే వంతెనను కాపాడడం మ్యూజియంలో వస్తువును కాపాడడం లాంటిది కాదు. ఇక్కడ రేకు మారుతుంది, రంగు మారుతుంది, తొడుగు మారుతుంది. అలా మారుతూ ఉన్నా ట్రస్సు బలాలను మోసే తీరు 1943లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. నా దృష్టిలో దాని చారిత్రక విలువ ఆ తీరులోనూ, ఆ పని ఆగకపోవడంలోనూ ఉంది. 1965లో రవీంద్ర సేతు అని పేరు మార్చినా జనం హౌరా వంతెన అనే అంటున్నారు, అది కూడా వాడుకలో ఉన్న వస్తువు లక్షణమే.

కొవ్వూరు రేవు:
గౌతమి గారూ, మీ మాటలు నన్ను మళ్ళీ మా గోదావరి దగ్గరికే తీసుకువెళ్ళాయి. మా పాత వంతెనకు మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. 1897లో మొదలై 1900 ఆగస్టులో రాకపోకలకు తెరుచుకుంది. కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన కట్టిన వాల్టన్ గారే దీనికి ఇంజనీరు. 150 అడుగుల చొప్పున 56 అంగలు, రాతి స్తంభాల మీద ఉక్కు గర్డర్లు. అంతకు ముందు మద్రాసు, కలకత్తాల మధ్య రైలు ప్రయాణికులు కొవ్వూరు దగ్గర దిగి నది దాటి అవతల మళ్ళీ రైలెక్కవలసి వచ్చేది. నా పేరులో ఉన్న రేవు ఆ జ్ఞాపకమే. 1974లో రోడ్డు కం రైలు వంతెన, 1997లో కాంక్రీటు విల్లు వంతెన వచ్చాయి. ఆ ఏడాదే పాత వంతెనకు విశ్రాంతి ఇచ్చారు.

హౌరాలో ఒక్క అంగతో నది దాటడం గొప్ప అయితే, గోదావరిలో 56 సార్లు అదే పనిని తప్పు లేకుండా చేయడం కూడా గొప్పే కదా? వరదకు కదిలే ఇసుక అడుగున ఆ రాతి స్తంభాలు 97 ఏళ్ళు రైళ్ళను మోశాయి. దానికి ఆ గౌరవం ఎందుకు దక్కలేదు?

సైట్ ఇంజనీర్:
రేవు గారూ, గోదావరి వంతెన గొప్పతనం ఏమాత్రం తక్కువ కాదు. ఒకే కొలత గల గర్డర్‌ను 56 సార్లు వాడడం వల్ల ఒకటి చెడితే దానిని ఒక్కదానినే మార్చవచ్చు, హౌరాలో అది కుదరదు. అక్కడ సభ్యాలన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయి. రెండు నదులు వేరు కాబట్టి రెండు జవాబులు వేరు. గోదావరిలో ఓడల బెడద లేదు, వెడల్పు మాత్రం మూడు కిలోమీటర్లకు దగ్గర. అక్కడ ఒక్క అంగ అన్న ఆలోచనే రాదు.

తేడా అంతా రైలు ఆగిపోయిన తరువాత వచ్చింది. పనిలో ఉన్న ఉక్కు వంతెన మీదికి ప్రతి నెలా ఎవరో ఒకరు సుత్తి పట్టుకుని వెళతారు, పని లేని వంతెన మీదికి ఎవరూ వెళ్ళరు. మా జిల్లాలో ఒక చిన్న పాత ట్రస్సు వంతెనకు రంగు వేయించినప్పుడు నేను పక్క సైటులో ఉన్నాను. కాంట్రాక్టరు మనుషులు తుప్పు గీకకుండానే పైన వెండి రంగు పూసి వెళ్ళిపోయారు. నేను ఆ మాట ఎత్తితే అది నీ సైటు కాదు కదా అన్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ రంగు పొరలు పొరలుగా ఊడి, కింద గర్డర్ అంచు బిస్కెట్‌లా రాలిపోయింది. అప్పుడు గట్టిగా పట్టుబట్టనందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఉక్కు వంతెనకు రంగు అలంకారం కాదు, చర్మం.

పాతపటం:
నా మొదటి వ్యాఖ్యలో దేనిని గౌరవిస్తున్నామో స్పష్టంగా చెప్పుకోవాలి అన్నాను. ఒత్తిడి గాలిలో మట్టి తోడిన 500 మంది గురించి, జంషెడ్‌పూర్ ఉక్కు గురించి చదివాక నా జవాబు నాకు దొరికింది, ఆ మేరకు నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఒక మాట మాత్రం వదులుకోను. వంతెన దగ్గర లండన్ సంస్థ పేరూ, చట్టం తేదీ తెలుసుకోవడం సులువు. కైసాన్లలో దిగినవారి పేర్లు, రివెట్ జట్ల పేర్లు తెలుసుకోవడం దుర్లభం. ఖరగ్‌పూర్ తెలుగు గారి వంటి కుటుంబాల్లో పెద్దలు ఉన్నంతలోనే ఇటువంటి పనుల జ్ఞాపకాలను రాయించి పెట్టాలి. హుగ్లీ మీదే ఎగువన ఉన్న జూబిలీ వంతెన 1887లో కట్టిన కాంటిలీవర్ ట్రస్సు, అదీ బ్రాడ్‌ఫర్డ్ లెస్లీదే. 2016లో దాని మీద రైళ్ళు ఆపేశారు. దాని మీద పని చేసిన గ్యాంగుల మనుషులు ఇంకా ఉన్నారు, వారిని అడగవచ్చు.

ఖరగ్‌పూర్ తెలుగు:
మా వీధిలో ఎనభై దాటిన పెద్దాయన ఒకరు ఉన్నారు. వర్క్‌షాపులో రివెట్ కొలిమి దగ్గర పని చేసినవారు. ఈ ఆదివారం వెళ్ళి ఆయన మాటలు రికార్డు చేసి ఇక్కడ రాస్తాను. మాస్టారూ, ఏమేమి అడగాలో నాలుగు ప్రశ్నలు పంపండి.

ట్రస్సు మాస్టారు:
తప్పకుండా పంపుతాను. ముందుగా కొలిమిలో రివెట్ ఏ రంగుకు వచ్చినప్పుడు తీసేవారో అడగండి. పుస్తకంలో డిగ్రీలు రాసి ఉంటాయి, వారికి మాత్రం రంగే కొలత. ఆ రంగును ఆయన తెలుగులో ఏమని పిలిచేవారో ఆ మాటను ఉన్నదున్నట్లు రాసుకోండి.

కొవ్వూరు రేవు:
అందరికీ కృతజ్ఞతలు. తిరుగు ప్రయాణం రోజు ఉదయం మరొకసారి వంతెన మీదికి వెళ్ళాను. ఖరగ్‌పూర్ తెలుగు గారు చెప్పిన అతుకు దగ్గర రెయిలింగు మీద చేయి ఆనించి పావుగంట నిలబడ్డాను. బస్సులు వెళుతుంటే అదురు చేతికి తెలిసింది, తలమీద బంతిపూల మూటలతో మనుషులు పక్క నుంచి పరుగున వెళుతుంటే తెలియలేదు. ఈ ఊరికి వచ్చిన మొదటి రోజు అలవాటుగా నీళ్ళలో స్తంభాలు వెతికాను. ఈసారి తల పైకెత్తి, లాగుడులో ఉన్న అంచు నొక్కుడులోకి మారే చోటు కోసం వెతికాను. రాజమండ్రి చేరాక పాత వంతెన దగ్గరికి నా మనవణ్ణి తీసుకువెళ్ళి 56 అంగలూ లెక్కపెట్టించాలని ఉంది.